ఇల్లు నిండుకుంది

వాన రాబోతోందని మా పాప ఛాతీ ఒక పూట ముందే చెబుతుంది. గాలిలో తడి చేరగానే దాని ఊపిరిలో పిల్లికూతలు మొదలవుతాయి. దానికి ఏడాది నిండిన కొత్తలో మొదటిసారి కాకినాడ తీసుకెళ్తే, పిల్లల డాక్టరు గారు ఛాతీ విని, “మందు నేనిస్తానమ్మా. కానీ తడి గోడ పక్కన, కారే కప్పు కింద పడుకోబెడితే ఏ మందూ పనిచేయదు. పొడిగా ఉండే గది చూసుకోండి” అన్నారు. చీటీ మీద మూడు మందుల పేర్లు రాశారు. పొడిగా ఉండే గది ఎక్కడ దొరుకుతుందో రాయలేదు.

మా గుమ్మంలో నిలబడి కేకేస్తే ఒడ్డున పడవ దగ్గరున్న మనిషికి వినిపిస్తుంది. మట్టి గోడలు, తాటాకు కప్పు. మా ఆయన వేరేవాళ్ళ బోటు మీద వేటకు వెళ్తాడు. చేపలు పట్టడాన్ని మా దగ్గర వేట అనే అంటారు. బోటెక్కాడంటే వారం పది రోజులు ఇంటికి రాడు. ఇంట్లో ఉండేది నేను, పాప, మా అత్తగారు. నేను సామర్లకోటలో పుట్టాను. మా అమ్మ స్టేషన్ బయట ఎండుచేపలు అమ్మి నన్ను పెద్దాపురం పంపి డిగ్రీ చదివించింది. ఈ వీధిలో డిగ్రీ చదివిన కోడల్ని నేనొక్కదాన్నే. ఆ చదువు వల్ల ఎవరికి ఏం ఒరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రెండేళ్ళ కిందటి తుఫానుకి మమ్మల్నందరినీ ముందురోజే బడికి తరలించారు. బెంచీలు గోడకి జరిపి రెండు రాత్రులు కింద పడుకున్నాం. తిరిగొచ్చేసరికి మా వీధి వీధిలా లేదు. మా ఇంటి కప్పు ఎగిరి ఎక్కడ పడిందో తెలియలేదు. సముద్రం వైపు గోడ కరిగి ఇసుకలో కలిసిపోయింది. మిగిలిన గోడలు వేలితో నొక్కితే లోపలికి దిగుతున్నాయి. పక్కింటి పిన్ని తన ఇంటిని ఒకసారి చూసుకుని, కూలింది కూలినట్టే వదిలేసి, తునిలో కూతురి దగ్గరికి బస్సెక్కింది. చాలామంది బడిలోనే ఉండిపోయారు.

మా అత్తగారు ఉండలేదు. మూడో రోజు పొద్దున్నే వెళ్ళి విరిగిన తెడ్లు, ఒడ్డుకి కొట్టుకొచ్చిన వెదుళ్ళు ఏరుకొచ్చి పాతింది. వాటి మీద పాత వల పరిచి, దొరికినంత తాటాకు వేసి, పైన సర్కారువాళ్ళు పంచిన టార్పాలిన్ పట్టా కప్పింది.

“పాప తడుస్తుందత్తా. ఇంకో నాలుగు రోజులు బళ్ళోనే ఉందాం” అన్నాను.

“నిన్నెవరొద్దన్నారు? ఉండు. నేను మాత్రం ఎళ్ళి దీపమెట్టాలి. సందేళ దీపం లేకపోతే పాడిల్లంటారే. మనుషులం బతికుండగా కొంపని పాడిల్లు చేత్తామా?”

ఆ సాయంత్రం కరగని గోడలో మిగిలిన గూట్లో దీపం పెట్టింది. ఆవిడని ఒక్కదాన్ని వదల్లేక నేనూ పాపని ఎత్తుకుని వచ్చేశాను.

వారం తిరక్కుండా చానెల్ వాళ్ళు వచ్చారు. టీవీలో పొద్దస్తమానం మా తీరాన్ని చూపిస్తూ, కింద ఫోన్ నంబరు పరుగెత్తిస్తూ, జనం దగ్గర నిధి పోగుచేస్తున్నారని బడిలో చెప్పుకున్నారు. ఆ నిధితో ఇల్లు పోయినవాళ్ళకి ఇళ్ళు కడతారట. స్లాబు ఇళ్ళట. స్లాబు అన్న మాట నా చెవిలో పడ్డ దగ్గర్నుంచి నాకు వేరే ఆలోచన లేదు. పాపని పొడి గచ్చు మీద పడుకోబెట్టి నేను పక్కనే కూర్చున్నట్టు, బయట ఎంత వాన పడినా నాకు లేవాల్సిన పని లేనట్టు ఊహించుకునేదాన్ని. కడుపుతో ఉన్నామె పుట్టబోయే బిడ్డ గురించి కన్నట్టు ఆ గది గురించి కలలు కన్నాను.

ఇళ్ళు చూసి రాసుకోవడానికి హైదరాబాదు నుంచి ఒకమ్మాయి వచ్చింది. చేతిలో ట్యాబ్, వెనక కెమెరామన్. తెలుగమ్మాయే, చదువంతా ఇంగ్లీషు.

“మేడమ్, మీరు నాతో వస్తారా? వీళ్ళు చెప్పేది నాకు సగమే అర్థమవుతోంది” అంది.

నన్ను మేడమ్ అన్న మొదటి మనిషి ఆ అమ్మాయి. పాపని అత్తగారికి అప్పజెప్పి, తల దువ్వుకుని మరీ బయలుదేరాను.

మొదటిల్లు వీధి చివర ఒక ముసలమ్మది. అమ్మాయి అడిగింది. “బియ్యం ఉన్నాయా అమ్మా?”

“నిండుకున్నాయమ్మా.”

అమ్మాయి గబగబా ట్యాబ్‌లో కొట్టింది. వంగి చూస్తే ‘సరిపడా ఉన్నాయి’ అన్నదాని పక్కన టిక్కు పెట్టి ఉంది. నాకు నవ్వాగలేదు.

“అయిపోయాయని చెబుతోందండి ఆవిడ.”

“అదేంటి? నిండుకున్నాయి అంటే నిండుగా ఉన్నాయని కదా?”

“ఇంట్లో తిండిగింజ లేదు అని నోటితో అనకూడదండి. తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, విన్నారంటే అలాగే అవుతుందని. అందుకని నిండుకుంది అంటాం. దీపం ఆరిపోయింది అని కూడా అనం, కొండెక్కింది అంటాం.”

“సో క్యూట్” అంది అమ్మాయి. టిక్కు మార్చింది. చిన్న నోట్‌బుక్ తీసి ఆ రెండు మాటలూ రాసుకుంది కూడా.

ఆ రోజంతా నా పని అదే. నూనె నిండుకుంది, ఉప్పు నిండుకుంది, పసుపు నిండుకుంది. ప్రతి గుమ్మం దగ్గరా వాళ్ళన్నదాన్ని నేను ‘లేదు’గా మార్చి చెప్పడం, అమ్మాయి కొట్టుకోవడం. ఇళ్ళ సంగతీ అంతే. “ఉంటున్నారా ఈ ఇంట్లో?” అంటే, “ఏదో, అలా ఉంటున్నామండి” అనేవాళ్ళు. నేను అడ్డుపడి, “ఉండట్లేదండి. బడిలో పడుకుంటున్నారు. ఇల్లు లేనట్టే రాసుకోండి” అనేదాన్ని. పక్కింటి పిన్ని ఊళ్ళోనే లేదు. ఆమె తరఫున కూడా కూలిన గోడలు చూపించి నేనే చెప్పాను.

మా ఇల్లు ఆఖరిది. మేము వెళ్ళేసరికి దీపాలవేళ అయింది. మా అత్తగారు పాపని ఒళ్ళో పెట్టుకుని గూటి ముందు కూర్చుని వత్తి సర్దుతోంది.

“మా ఇల్లేనండి” అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతులో కాస్త గర్వం కూడా ఉందేమో. వీధంతా చీకటి, దీపం వెలగబోయేది మా గుడిసె ఒక్కదాన్లోనే.

అమ్మాయి ట్యాబ్ చూసి చదివింది. “ప్రస్తుతం ఈ ఇంట్లో నివాసం ఉంటున్నారా? అవును, కాదు.”

అత్తగారు అగ్గిపుల్ల గీసింది. వత్తి అంటుకుంది. పాప దీపానికి చేతులు జోడించింది, ఆవిడ నేర్పినట్టే. పొద్దుటి నుంచి ఊరందరి నోటి మాటనీ లేదు, లేదు అని మార్చినదాన్ని, నా గుమ్మంలో వెలుగుతున్న దీపం ముందు నిలబడి ఆ మాట అనలేకపోయాను.

“ఉంటున్నామండి” అన్నాను.

అమ్మాయి ‘అవును’ నొక్కింది. కెమెరామన్ మోకాళ్ళ మీద కూర్చుని ఫోటో తీశాడు. దీపం, దాని వెలుగులో మా అత్తగారి మొహం, ఒళ్ళో చేతులు జోడించిన పాప, వెనక చిరిగిన వల.

“అద్భుతం అండి. అమ్మగారూ, ఇంకోసారి వెలిగిస్తారా?” అన్నాడు.

“ఎలిగేదాన్ని ఆర్పమంటావా బాబూ?” అంది అత్తగారు. అతను నవ్వేసి వెళ్ళిపోయాడు.

ఆ ఫోటో మర్నాడు చానెల్‌లో వచ్చింది. తర్వాత పేపర్లో వచ్చింది. ఆ తర్వాత ఆ నిధి గుర్తే అదైపోయింది. ఫోన్ నంబరు పక్కన మా అత్తగారి మొహం, దీపం. ఇళ్ళు పోయినా ఆశ పోలేదని దాని కింద అక్షరాలు. సామర్లకోట నుంచి మా అమ్మ ఫోన్ చేసి, “రైల్వే ప్లాట్‌ఫారం మీద టీవీలో మీ అత్త కనబడతందే. మనవరాలు కూడా. ఇక మీకేంటి, మొదటిల్లు మీదే” అంది. నేనూ అలాగే అనుకున్నాను.

ఇళ్ళు వచ్చినవాళ్ళ జాబితా బడి గోడకి అంటించారు. పైనుంచి కిందికి రెండుసార్లు, కింది నుంచి పైకి ఒకసారి చదివాను. పక్కింటి పిన్ని పేరుంది. వీధి చివరి ముసలమ్మ పేరుంది. మా అత్తగారి పేరు లేదు.

చానెల్ తరఫున నిధి పనులు చూసే ఇన్‌ఛార్జి గారు కంప్యూటర్లో వెతికి చెప్పారు. “మీది పాక్షికం అని ఉందండి. మనుషులు నివాసం ఉంటున్నారని మీరే చెప్పారట. పూర్తిగా పోయినవాళ్ళకే ముందు.”

“పైన వల, కింద ఇసుక. దాన్ని ఇల్లంటారా అండి? చిన్నపిల్లకి ఆయాసం.”

“అయితే అభ్యంతరం పెట్టుకోండి. నాకు నివాసయోగ్యమైన ఇల్లు లేదు అని ఇంటి పెద్ద రాసివ్వాలి.”

కాగితం తెచ్చాను. స్థలం మా అత్తగారి పేరున ఉంది, వేలిముద్ర ఆవిడదే కావాలి. ఎలా చెప్పాలా అని సాయంత్రమంతా ఆమె చుట్టూ తిరిగాను. చివరికి ఆవిడే అంది. “ఇప్పుడొద్దు, దీపమెట్టే ఏళ. రేపొద్దున రాయి. ఏలిముద్ర ఏత్తాను. నాకు మాత్రం సదివి వినిపించకు.”

పొద్దున్నే సముద్రం వైపు తిరిగి కూర్చుని వెనక్కి చెయ్యి చాపింది. నేనే వేలు పట్టుకుని కాగితం మీద నొక్కాను. పాప అది ఆటనుకుని తన వేలు కూడా పెట్టబోయింది.

రెండు వారాలకి ఇన్‌ఛార్జి గారు పిలిచారు. బల్ల మీద ఆ ఫోటో ఉన్న పేపరు పరిచి ఉంది.

“ఈ ఇల్లు చూసే కదమ్మా జనం చందాలిచ్చారు” అన్నారు. గొంతు పెంచలేదు. కసురుకున్నా బాగుండేది. “తుఫాను తట్టుకుని నిలబడిన ఇల్లని మేమే అన్నాం. ఇప్పుడు ఆ ఇల్లే లేదని మీరు రాసిస్తే, అది ఎవరి చేతికైనా చిక్కితే, మేం అబద్ధం చూపించామంటారు. రెండో విడతలో చూద్దాం.”

రెండో విడత ఈ రోజు వరకూ రాలేదు.

మా ఆయన వేట నుంచి వచ్చాక సంగతంతా విన్నాడు. అన్నం తినడం ఆపి, “ఊరందరి నిండుకుందినీ లేదని రాయించావంట కదా. మనదొక్కటే మర్చిపోయావేంటి? సదువుకున్నదానివి” అన్నాడు. తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు. దీపం పెట్టిన ప్రతిసారీ నేనే ఎత్తుకుంటాను.

ఏడాది తిరిగేసరికి ఇళ్ళు లేచాయి. ఒకే వరస, ఒకే రంగు. ప్రతి ఇంటి గోడకీ ఒక పలక. పలక మీద రంగుల్లో మా అత్తగారు, దీపం, పాప. గృహప్రవేశాల సభకి చానెల్ పెద్దాయన వస్తున్నారని, మా అత్తగారి చేత జ్యోతి వెలిగిస్తామని చెప్పడానికి ఇంటికొచ్చారు. ఫోటోలో కట్టుకున్న రంగు చీరే కొత్తది తెచ్చారు.

“వెళ్ళకత్తా. మనకేం ఇచ్చారని?” అన్నాను.

“పెద్దాయన వత్తాడంట కదే. నా మొహం చూత్తే ఆయనకే అనిపించొచ్చు. అడక్కుండా ఎవరిత్తారు?”

“అడుగుతావా మరి?”

“చూద్దాం” అంది చీర మడత విప్పుతూ.

సభకి కడియం నుంచి లారీలో పూల కుండీలు, చిన్న చిన్న తాటి జాతి మొక్కలు తెచ్చి వరసగా పెట్టారు. ఉప్పుగాలికి మధ్యాహ్నానికే ఆకుల అంచులు మాడాయి. లైట్ల వెలుగులో బాగా వస్తుందని సభ పొద్దుగూకే వేళకి పెట్టారు. నేను పాపని ఎత్తుకుని స్టేజీ పక్కన నిలబడ్డాను. మబ్బు పట్టి ఉంది. పాపకి పిల్లికూతలు మొదలయ్యాయి.

మా అత్తగారు ఇత్తడి కుందె వెలిగించింది. సముద్రం గాలికి ఆరిపోయింది.

“ఏమైందమ్మా?” అంది యాంకరమ్మ మైకులో.

“కొండెక్కిందమ్మా.”

“కొండా? ఇక్కడ కొండలెక్కడివండీ?”

జనం నవ్వారు. నలుగురు చుట్టూ చేరి చేతులు అడ్డుపెట్టి, కర్పూరం వేసి మళ్ళీ వెలిగింపజేశారు. చప్పట్లు. అప్పుడు చానెల్ పెద్దాయన మా అత్తగారి భుజం మీద చెయ్యి వేసి మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టాడు. మొదటిల్లు ఆవిడదేనని ఆయన నమ్మకం. కాదని ఎవరూ చెప్పినట్టు లేదు.

“చెప్పమ్మా, అందరూ నీ గురించే అడుగుతున్నారు. ఎలా ఉంది ఇప్పుడు ఇల్లు?”

ఒక్క మాట చాలు. లేదు బాబూ అంటే చాలు. అన్ని కెమెరాల ముందు, ఆయన మొహం మీద. ఆయన ఏం చేస్తాడు, ఇవ్వక చస్తాడా? అను అత్తా, అను అని లోపల కొట్టుకుంటున్నాను.

మా అత్తగారు వెలుగుతున్న కుందె వైపు చూసింది. పాప వైపు చూసింది.

“నిండుకుంది బాబూ” అంది.

“విన్నారా? ఇల్లు నిండుగా ఉందంట” అన్నాడాయన. గొంతు నిజంగానే వణికింది. “ఈ ఒక్క మాట చాలమ్మా మాకు.”

స్టేజీ మీదున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. కుర్చీల్లో ముందు వరసవాళ్ళు లేచి నిలబడి కొట్టారు. వెనక మావాళ్ళలో ఎవరూ కొట్టలేదు. వీధి చివరి ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. స్టేజీ కింద, నాకు ఎదురుగా, ట్యాబ్ అమ్మాయి నిలబడి ఉంది. ఆ మాట అర్థం నోట్‌బుక్‌లో రాసుకున్న అమ్మాయి. తలెత్తి నా వైపు చూసింది. తెలిసింది ఆ అమ్మాయికి. ఒక్క క్షణం అలా చూసి, తల దించుకుని ఫోన్ నొక్కుకోవడం మొదలుపెట్టింది.

ఇంటికొస్తూ దారిలో అడిగాను. “లేదు అంటే సరిపోయేది కదత్తా.”

“మైకులోనా? సందేళా? మూడూళ్ళకి వినబడేలా ఇల్లు లేదంటానా, దీపమెట్టిన చేత్తో? తెలిసినోళ్ళకి తెలుస్తాది.”

“తెలిసినోళ్ళు ఇల్లివ్వరత్తా.”

ఆవిడ ఇంటికెళ్ళగానే కొత్త చీర విప్పి, పాతది కట్టుకుని దీపం పెట్టింది.

మర్నాడు సభ దగ్గర వదిలేసిన ఫ్లెక్సీలు తలా ఒకటి పట్టుకుపోతుంటే మా ఆయన కూడా ఒక పెద్దది లాక్కొచ్చాడు. వాన ఆగడానికి పట్టా కంటే ఫ్లెక్సీ మేలు. వల మీద పరుస్తూ, “బొమ్మ పైకా, లోపలికా?” అన్నాడు.

“లోపలికెయ్. వానలో తడవడానికి నేనేం పాపం చేశాను?” అంది అత్తగారు.

అప్పటి నుంచి మా కప్పుకి లోపల మా అత్తగారు తలకిందులుగా ఉంది. వాన ఆ మొహం మీద పడదు. అంచుల నుంచి మాత్రం గోడల్లోకి దిగుతుంది. గోడలు ఇప్పటికీ తడే.

స్టేజీ మీది ఆ వీడియో ముక్క ఫోన్లలో ఇంకా తిరుగుతూనే ఉంది. మొన్న వేరే ఊళ్ళో వరదలొస్తే మళ్ళీ చందాలకి అదే వేశారు. కింద ఎవరెవరో దండాలు పెట్టారు, కళ్ళు చెమ్మగిల్లాయని రాశారు. ఆ మాటకి అర్థం అది కాదని నేనూ రాశాను. నా మాట ఎక్కడో అడుగున పడిపోయింది.

ఇక పొడి గది సంగతి. అది దొరికింది, పక్కింటి పిన్ని ఇంట్లో. వాన రాత్రుళ్ళు పాపని తెచ్చి తన ముందుగదిలో పడుకోబెట్టుకోమని ఆమే అంది. మంచిదే పిన్ని. నోరే కాస్త దురుసు. “మీ అత్త దీపమెట్టింది, నాకు ఇల్లొచ్చింది. నేను తునిలో పడుకుని సంపాయించానే ఇది” అని నవ్వుతుంది. నేనూ నవ్వాలి కాబట్టి నవ్వుతాను. అత్తగారు మాత్రం రాదు. దీపం వదిలి రానంటుంది.

ఈ రాత్రి కూడా అక్కడే కూర్చుని రాస్తున్నాను. పాప గచ్చు మీద నిద్రపోతోంది. ఊపిరి లెక్కపెట్టి చూశాను, ఫరవాలేదు. లెక్కపెట్టడం అలవాటైపోయింది. పక్కింటి గోడ పక్కన కూర్చుని అరువు తెచ్చుకున్నట్టు వాళ్ళ పొడి గచ్చుని వాడుకుంటున్నాను. ఆమె కూతురు పురిటికి వచ్చే నెల వస్తోంది. అప్పుడు ఈ గది వాళ్ళకి కావాలి. పిన్ని ఇంకా చెప్పలేదు, చెప్పడానికి మొహమాటపడుతోంది.

సాయంత్రం చినుకులు మొదలవగానే పాపని ఎత్తుకుని ఇక్కడికొచ్చాను. పిన్ని గుమ్మంలో దీపం పెడుతోంది. పాప గోడ మీది పలక వైపు వేలు చూపించింది. దానికిప్పుడు మాటలన్నీ వచ్చు.

“అమ్మా, మామ్మ. పాప. మనిల్లు.”

“కాదు నాన్నా, ఇది పిన్నమ్మమ్మ ఇల్లు” అన్నాను.

“మామ్మ ఉంది కదా. మనిల్లే” అంది పట్టుగా. దిగిపోయి పలక కింద గోడకి ఆనుకుని నిలబడింది, ఎవరూ లాగేయకుండా.

పిన్ని అగ్గిపెట్టె చేత్తో పట్టుకుని మమ్మల్నే చూస్తోంది. ఏదో ఒకటి చెప్పి మరిపించొచ్చు. అవును మనిల్లే అనొచ్చు, పిన్ని ఏమీ అనుకోదు. కానీ నేను వంగి, పాప మొహంలోకి చూస్తూ, స్పష్టంగా చెప్పాను.

“మనకి ఇల్లు లేదమ్మా.”

“ఏంటే ఆ మాటలు, దీపాలేళ?” అంది పిన్ని కసురుతూ. “పిల్ల ముందర. నోరు కడుక్కో ఎళ్ళి.”

వెళ్ళి కుళాయి దగ్గర నిజంగానే నోరు కడుక్కున్నాను. ఆ మాట అనడం ఇంత తేలికని నాకప్పుడే తెలిసింది. రాసుకోవడానికి ఎదురుగా ఎవరూ లేరు.